టొలీడో ట్రూపర్స్

టొలీడో ట్రూపర్స్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరం కేంద్రంగా 1971 నుంచి 1979 దాకా ఆడిన మహిళల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. ఆ తొమ్మిదేళ్లలో 61 మ్యాచ్‌లు గెలిచి, నాలుగే నాలుగు ఓడింది. గెలుపు శాతం దాదాపు 94. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యధిక విజయశాతం ఉన్న జట్టుగా దీన్ని ప్రొ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తించింది. ఆ సంస్థ ఉన్నది ఇదే రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో. పురుషుల లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు మాత్రమే ఓడిన జట్టును గట్టి జట్టుగా లెక్కేస్తారు. ట్రూపర్స్ నాలుగు ఓటములకు తొమ్మిది సీజన్లు పట్టాయి.

ఇంత ఘనమైన లెక్క ఉన్నా ఈ జట్టు పేరు చాలాకాలం సొంత రాష్ట్రంలోనే మరుగున పడి ఉంది. గెలవడం ఒక ఎత్తు, ఆ గెలుపును చూడడానికి, రాయడానికి, డబ్బు పెట్టడానికి జనం ఉండడం మరో ఎత్తు. ట్రూపర్స్‌కు మొదటిది పుష్కలంగా ఉండేది, రెండోది ఎప్పుడూ సరిపడా దొరకలేదు.

ఆట తీరు

పేరు ఫుట్‌బాల్ అయినా ఇందులో బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. రెండు వైపులా పదకొండు మంది చొప్పున, వంద గజాల మైదానం. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుది. అవతలి అంచు గీత దాటించగలిగితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కబడ్డీలో కూతకొచ్చిన ఆటగాణ్ని గీత చేరనివ్వకుండా అందరూ మీదపడి పట్టినట్టే, ఇక్కడ బంతితో పరిగెత్తేవాళ్లను నేలకు పడగొడతారు. దీన్నే ట్యాకిల్ అంటారు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు లేకుండా మైదానంలోకి దిగనివ్వరు. ఉన్నా ఎముకలు విరుగుతూనే ఉంటాయి. ఆడవాళ్లు ఈ ఆట ఆడకూడదనేవాళ్లు ఎక్కువగా చూపిన కారణం ఈ ట్యాకిలే. ఆడిన చాలామందిని ఇటు లాగిందీ అదే.

ట్రూపర్స్‌కు ముందు కూడా ఆడవాళ్లు ఈ ఆట ఆడకపోలేదు. 1926లో ఫ్రాంక్‌ఫర్డ్ ఎల్లోజాకెట్స్ అనే ఎన్ఎఫ్ఎల్ జట్టు విరామ సమయంలో ప్రేక్షకుల కాలక్షేపం కోసం ఒక ఆడవాళ్ల జట్టును దింపింది. 1970లో పట్రీషియా పాలింకస్ అనే ఆమె ఓర్లాండో పాంథర్స్ అనే పురుషుల జట్టు తరఫున బరిలోకి దిగారు. కిక్ కొట్టేది ఆమె భర్త, నేలమీద బంతిని నిలబెట్టి పట్టుకోవడం ఆమె పని. ఇవన్నీ పత్రికలకు వింత వార్తలయ్యాయే తప్ప, ఆడవాళ్లకు నిలకడైన జట్టు, సీజన్, పట్టిక అనేవి అప్పటికి లేవు.

ఊరి సంగతి

టొలీడో ఈరీ సరస్సు పడమటి కొసన, మామీ నది ఒడ్డున ఉన్న పారిశ్రామిక నగరం. గాజు పరిశ్రమ వల్ల దానికి గాజు నగరం అని పేరు. జీప్ వాహనాలకు పుట్టినిల్లు కూడా ఇదే. షిఫ్టుల మీద బతికే ఊరు, ఫుట్‌బాల్ అంటే పడిచచ్చే ఊరు. ఎన్ఎఫ్ఎల్‌కు మూలమైన సంఘం 1920లో కాంటన్‌లోనే పుట్టింది. టొలీడో మరూన్స్ అనే జట్టు 1922, 1923 సీజన్లలో ఆ లీగ్‌లో ఆడింది కూడా. ఆ తర్వాత టొలీడోకు ఎన్ఎఫ్ఎల్ జట్టు లేదు.

ట్రూపర్స్ పుట్టిన ఏడాదే ఆ ఊళ్లో మరో చిత్రం జరిగింది. టొలీడో విశ్వవిద్యాలయం పురుషుల జట్టు రాకెట్స్ 1969, 1970, 1971 సీజన్లలో ఆడిన 35 మ్యాచ్‌లకు 35 గెలిచింది. మైదానంలో జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడిన చక్ ఈలీ నల్లజాతీయుడు. ఒక్క ఓటమి ఎరగని ఆ ఆటగాణ్ని ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంచుకోలేదు. నల్లజాతి ఆటగాళ్లకు క్వార్టర్‌బ్యాక్ స్థానం ఇవ్వడానికి ఆ లీగ్ ఇంకా వెనకాడుతున్న రోజులవి. ఈలీ కెనడా వెళ్లి, హామిల్టన్ టైగర్‌క్యాట్స్‌కు 1972లో అక్కడి లీగ్ టైటిల్ గ్రే కప్ గెలిచిపెట్టాడు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, అప్పటికి ఓటమి తెలియని రెండు జట్లు. రెండింటికీ పై మెట్టు తలుపు వేసే ఉంది, కారణాలు మాత్రం వేరు. టొలీడో చరిత్ర రాసేవాళ్లు ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే బాగుంటుంది.

తమాషాగా మొదలై

ట్రూపర్స్‌కు బీజం వేసిన వ్యక్తి సిడ్ ఫ్రీడ్‌మన్. క్లీవ్‌లాండ్‌లో గాయకులకు, నటులకు కార్యక్రమాలు కుదిర్చే ఏజెంట్. ఆయన 1965లో విమెన్స్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ పేరుతో ఆడవాళ్ల జట్లను కూడగట్టడం మొదలుపెట్టారు. ఆయన దృష్టిలో ఇది ఆటకన్నా ఎక్కువగా వినోదం. బాస్కెట్‌బాల్‌లో హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ ఊరూరా తిరిగి జనాన్ని నవ్వించినట్టు, ఆడవాళ్లు ప్యాడ్లు కట్టుకుని కొట్టుకుంటే టికెట్లు తెగుతాయని ఆయన అంచనా. పెటికోట్స్ లాంటి పేర్లు పెట్టడంలోనే ఉద్దేశం తెలిసిపోతుంది.

ఆయన లెక్క ఒకచోట తప్పింది. పిలిస్తే వచ్చినవాళ్లు నవ్వించడానికి రాలేదు, ఆడడానికి వచ్చారు. చిన్నప్పుడు అన్నదమ్ములతో వీధిలో బంతి పట్టుకుని పరిగెత్తిన పిల్లలు వాళ్లు. హైస్కూల్లో అడుగుపెట్టగానే మగపిల్లలు జట్టులోకి వెళితే, వీళ్లు గ్యాలరీకో చీర్‌లీడింగ్‌కో పరిమితమయ్యారు. చదువుకునేచోట ఆడపిల్లలపై వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం వచ్చింది 1972లో. అప్పటికే బడి దాటేసినవాళ్లకు అది అక్కరకు రాలేదు. ఆడవాళ్ల విషయంలో అమెరికా ఎంత ముందుందని మనం అనుకుంటామో గానీ, 1974లో చట్టం చేసేదాకా భర్త సంతకం లేనిదే పెళ్లయిన ఆడవాళ్లకు అప్పు ఇవ్వని బ్యాంకులు ఆ దేశంలో మామూలే.

ఫ్రీడ్‌మన్ 1971లో టొలీడోలో జట్టు పెట్టాలనుకున్నప్పుడు, శిక్షకుడి బాధ్యత స్థానికుడైన బిల్ స్టౌట్ చేతికొచ్చింది. జట్టు కథ మలుపు తిరిగింది ఇక్కడే. స్టౌట్ దీన్ని తమాషాగా చూడలేదు. మగవాళ్ల జట్టుకు ఏ కసరత్తు చేయిస్తారో, ఏ ఎత్తుగడలు నేర్పుతారో అవే నేర్పించారు. పగలంతా పని చేసి వచ్చిన ఆడవాళ్లు సాయంత్రాలు మైదానంలో ట్యాకిల్ కొట్టడం, ట్యాకిల్ కాచుకోవడం అభ్యాసం చేశారు. ఒక్కో ప్రయత్నంలో పదకొండు మందిలో ఎవరు ఎటు కదలాలో వందలసార్లు వల్లె వేశారు. ఫుట్‌బాల్‌లో బలంకన్నా ఈ వల్లెవేతే ఎక్కువ మ్యాచ్‌లు గెలిపిస్తుంది. ఎదుటి జట్లలో ధైర్యానికి కొదవ లేకపోయినా ఇంత సాధన లేదు.

ఈ పట్టుదల ఫ్రీడ్‌మన్ తరహా వ్యాపారానికి సరిపడేది కాదు. వినోద ప్రదర్శనలో రెండు జట్లూ సమానంగా తంటాలు పడితేనే రక్తి కడుతుంది. ఒక జట్టు ప్రతిసారీ గెలుస్తూ పోతే నాటకం పండదు. కొన్నేళ్లకే ఈ రెండు దారులూ విడిపోయాయి, ట్రూపర్స్ ఫ్రీడ్‌మన్ నీడ నుంచి బయటికొచ్చింది.

కొత్త లీగ్

1974లో నేషనల్ విమెన్స్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఏడు జట్లతో ఆరంభం: టొలీడో ట్రూపర్స్, డెట్రాయిట్ డీమన్స్, కొలంబస్ పేస్‌సెటర్స్, డాలస్ బ్లూబానెట్స్, ఫోర్ట్‌వర్త్ షామ్‌రాక్స్, లాస్‌ఏంజెలిస్ డాండెలియన్స్, కాలిఫోర్నియా మస్టాంగ్స్. తర్వాత ఓక్లహామా సిటీ, హ్యూస్టన్, తుల్సా వంటి నగరాలూ చేరాయి. డబ్బున్న యజమానులు తక్కువ, ఆశపడ్డవాళ్లు ఎక్కువ. ఇది కాలం తెచ్చిన ఊపు కూడా. అంతకుముందు ఏడాది సెప్టెంబరులోనే బిల్లీ జీన్ కింగ్ టెన్నిస్‌లో బాబీ రిగ్స్‌ను ఓడించారు. ఆడవాళ్ల ఆటకు టీవీ ముందు కోట్ల మంది కూర్చుంటారని ఆ మ్యాచ్ రుజువు చేసింది.

లీగ్‌లోని ఆటగత్తెలు ఎవరు? నర్సులు, టీచర్లు, ఫ్యాక్టరీ కార్మికులు, బార్లలో పనిచేసేవాళ్లు, విద్యార్థినులు, పిల్లల తల్లులు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, లాటినోలు ఒకే జట్టులో. స్త్రీ విమోచన ఉద్యమంతో మాకు పని లేదు, మేం ఆడడానికి వచ్చాం అని పత్రికల ముందు చెప్పినవాళ్లు చాలామంది. ఉద్యమం మాట ఎత్తకుండానే ఉద్యమం కోరిన పనే వాళ్లు చేశారని నా అభిప్రాయం. లీగ్‌లో లెస్బియన్లు గణనీయంగానే ఉండేవారు. బయట ప్రపంచంలో ఉద్యోగం పోతుందని నోరు విప్పలేని రోజుల్లో వాళ్లకు జట్టు ఒక ఆసరా అయింది. అప్పటి వార్తా కథనాలు మాత్రం వీటి జోలికి పోకుండా, ఆటగత్తెలు లిప్‌స్టిక్ వేసుకుంటారా, వంట చేస్తారా అని అడగడంలోనే మునిగిపోయాయి.

కొత్త లీగ్‌లోనూ ట్రూపర్స్‌దే పైచేయి. 1974లో తొలి టైటిల్ వాళ్లదే, మరుసటి ఏడాదీ వాళ్లదే. మొదటి దెబ్బ 1976లో తగిలింది. ఆ ఏడాదే పుట్టిన ఓక్లహామా సిటీ డాల్స్ వాళ్లను ఓడించింది. డాల్స్ శిక్షకులు కూడా స్టౌట్ లాగే సాధన మీద నమ్మకం పెట్టినవాళ్లు. అంటే ట్రూపర్స్‌ను ఓడించడానికి ట్రూపర్స్ దారిలోనే నడవాల్సి వచ్చింది. ఈ డాల్స్ పేరుతో 1981లో ఏబీసీ చానెల్ ఒక టీవీ సినిమా తీసింది గానీ, అసలు జట్టు కథకూ దానికీ పోలిక అంతంతమాత్రమే. ఎక్కువ గెలిచిన జట్టును వదిలి, ఓడించిన జట్టు పేరు మీద సినిమా రావడం ట్రూపర్స్ జాతకంలోనే ఉన్నట్టుంది.

లిండా జెఫర్సన్

ట్రూపర్స్ అనగానే మొదట వినిపించే పేరు లిండా జెఫర్సన్. 1954లో పుట్టిన టొలీడో ఆడపడుచు, లిబ్బీ హైస్కూల్ విద్యార్థిని. ఆ బడికి పేరిచ్చిన ఎడ్వర్డ్ లిబ్బీ ఊరికి గాజు పరిశ్రమ తెచ్చిన మనిషి. జెఫర్సన్ 1972లో జట్టులో చేరారు. ఆడింది హాఫ్‌బ్యాక్ స్థానంలో, అంటే బంతి చేతికి అందగానే సందు వెతుక్కుని పరిగెత్తే పని.

ఆమె వరసగా ఐదు సీజన్లలో వెయ్యి గజాలకు పైగా పరిగెత్తారు. ఈ అంకె బరువు తెలియాలంటే ఒక లెక్క చూడాలి. ఆ రోజుల్లో ఎన్ఎఫ్ఎల్ సీజన్‌కు 14 మ్యాచ్‌లు, అక్కడ వెయ్యి గజాలు దాటితే గొప్ప ఆటగాడి కింద జమ. ట్రూపర్స్ తొమ్మిదేళ్లలో ఆడినవి మొత్తం 65, అంటే ఏడాదికి సగటున ఏడు. సగం మ్యాచ్‌లలోనే ఆమె ఆ గీత దాటారు. ఎదుటివాళ్ల రక్షణ బలహీనం కదా అనొచ్చు, అది నిజమే. కానీ అదే బలహీన రక్షణ మీద మిగతా జట్లలో ఎందరో పరిగెత్తారు, వాళ్లెవరి పేరూ ఇంతగా మోగలేదు.

1975లో విమెన్‌స్పోర్ట్స్ పత్రిక ఆమెను ఆ సంవత్సరపు మేటి క్రీడాకారిణిగా ప్రకటించింది. బిల్లీ జీన్ కింగ్ అంతకు ఏడాది ముందు స్థాపించిన పత్రిక అది. టెన్నిస్, గోల్ఫ్, స్కేటింగ్ తారలు వెలిగిపోతున్న కాలంలో, మ్యాచ్‌కు పాతిక డాలర్లకు ఆడే ఒక నల్లజాతి ఫుట్‌బాల్ క్రీడాకారిణికి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఏబీసీ టీవీ నిర్వహించిన సూపర్‌స్టార్స్ మహిళల పోటీకి ఆమెకు పిలుపు వచ్చింది. రకరకాల ఆటల మేటి క్రీడాకారిణులు పరుగు, ఈత, సైకిల్ వంటి అంశాల్లో తలపడే పోటీ అది. పత్రికలు ఆమెను ఎన్ఎఫ్ఎల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌తో పోల్చి పొగిడేవి. ఆడవాళ్ల ఆటను కొలవడానికి మగవాళ్ల కొలబద్దే పట్టుకోవడం అప్పటి అలవాటు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

2002లో అమెరికన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్ల సెమీ ప్రొ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

జెఫర్సన్ ఒక్కరి మీదే జట్టు నడిచిందనుకుంటే పొరపాటు. పరిగెత్తేవారికి దారి తెరిచేది ముందు వరసలో ఢీకొనేవాళ్లు. క్వార్టర్‌బ్యాక్ లీ హాలర్ మొదలుకొని ఆ వరసలో నిలబడ్డవాళ్ల దాకా చాలామంది ఏళ్ల తరబడి జట్టును అంటిపెట్టుకుని ఉన్నారు. మిగతా జట్లలో ఏడాదికో కొత్త ముఖం కనిపించేది. ట్రూపర్స్ అసలు బలం ఈ నిలకడే అనిపిస్తుంది.

డబ్బు

లీగ్‌లో ఆటగత్తెలకు అనుకున్న పారితోషికం మ్యాచ్‌కు 25 డాలర్లు. చాలాచోట్ల అదీ సరిగా అందేది కాదు. ఈ లెక్కన ట్రూపర్స్‌ను ప్రొఫెషనల్ జట్టు అనడం కొందరికి మింగుడుపడదు. సెమీ ప్రొ అంటే సరిపోతుందని వాదిస్తారు. బతుకుతెరువు వేరే ఉద్యోగమే అన్నమాట నిజం. అయితే 1920లలో ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లు కూడా వారమంతా గనుల్లో, మిల్లుల్లో పనిచేసి ఆదివారం ఆడినవాళ్లే. వాళ్లను ప్రొఫెషనల్స్ అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ కొలత మగవాళ్లకు వర్తిస్తే వీళ్లకూ వర్తించాలి.

లీగ్ పటం చూస్తేనే కష్టం అర్థమవుతుంది. ఒహాయో నుంచి టెక్సస్‌కో కాలిఫోర్నియాకో జట్టు మొత్తాన్ని తీసుకెళ్లాలంటే ఆ ఒక్క ప్రయాణానికే సీజన్ ఆదాయం చాలదు. అందుకే ప్రాంతాల వారీగా విభజించి, దగ్గర జట్లతోనే ఎక్కువ ఆడించారు. దాంతో ఒకే ప్రత్యర్థితో మళ్లీ మళ్లీ ఆడాల్సి వచ్చింది. స్టేడియం అద్దె, సామగ్రి, బీమా, రిఫరీల ఖర్చు సరేసరి. టీవీ ఒప్పందం లేదు. టీవీ లేకపోతే ప్రాయోజకులు రారు, ప్రాయోజకులు లేకపోతే ప్రచారం ఉండదు, ప్రచారం లేని ఆటను టీవీ ఎత్తుకోదు.

ట్రూపర్స్ విషయంలో ఇంకో చిక్కు ఉంది, దాన్ని అభిమానులు ఒప్పుకోవడానికి ఇష్టపడరు. మరీ ఏకపక్షంగా గెలవడం కూడా జట్టుకు చేటు చేసింది. ఫలితం ముందే తెలిసిన ఆటకు రెండోసారి టికెట్ కొనేవాళ్లు తగ్గుతారు. 1972లో మయామీ డాల్ఫిన్స్ ఒక్క ఓటమి లేకుండా సీజన్ ముగిస్తే అమెరికా ఇప్పటికీ దాని గురించి చెప్పుకుంటుంది. అదే సంవత్సరాల్లో ట్రూపర్స్ కూడా ఓటమి లేకుండా సీజన్లు ముగించింది. డాల్ఫిన్స్ ఓడించిన జట్ల వెనక లీగ్ బలం, కోట్ల ప్రేక్షకులు, అర్ధశతాబ్దపు చరిత్ర ఉన్నాయి. ట్రూపర్స్ ఓడించిన జట్లలో కొన్నింటికి వచ్చే ఏడాది తాము ఉంటామో లేదో తెలియదు.

1979 సీజన్ తర్వాత జట్టు మూతపడింది. కారణం మైదానంలో లేదు, ఖాతా పుస్తకంలో ఉంది. లీగ్ మరికొన్నేళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, 1980లలో చడీచప్పుడు లేకుండా కనుమరుగైంది.

తర్వాత

ట్రూపర్స్ ఆటగత్తెల్లో ఒకరైన మిచ్చీ కొలెట్ ఊళ్లో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను చల్లారనివ్వలేదు. ఆమె ఆధ్వర్యంలోని టొలీడో రెయిన్ జట్టు 2000ల నుంచి కొత్త తరాన్ని మైదానంలోకి తెచ్చింది. పాత లీగ్ గురించి ఆసక్తి మళ్లీ పుంజుకున్నది ఈ మధ్యే. బ్రిట్నీ డి లా క్రెటాజ్, లిండ్సీ డార్కాంజెలో కలిసి రాసిన 'హెయిల్ మేరీ' 2021లో వచ్చింది, అది లీగ్ మొత్తం చరిత్ర. మరుసటి ఏడాది స్టీఫెన్ గినన్ 'వీ ఆర్ ద ట్రూపర్స్' ప్రచురించారు, అది ఈ ఒక్క జట్టు కథ. హ్యూస్టన్ హెరికేన్స్ జట్టు మీద ఆ జట్టు క్రీడాకారిణి కూతురు ఒలీవియా క్వాన్ డాక్యుమెంటరీ తీశారు. మ్యాచ్‌ల ఫిల్ములు, టేపులు తక్కువగా మిగలడం వల్ల ఇలాంటి పనులకు ఆటగత్తెల జ్ఞాపకాలే ప్రధాన ఆధారం. వాళ్లలో చాలామందికి ఇప్పుడు డెబ్బై దాటింది కాబట్టి ఈ పని ఇంకో పదేళ్లు ఆగితే చేయడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు అమెరికాలో మహిళల ఫుట్‌బాల్‌కు పెద్ద వేదిక 2009లో ఆరంభమైన విమెన్స్ ఫుట్‌బాల్ అలయన్స్. అందులో బోస్టన్ రెనెగేడ్స్ 2018, 2019, 2021, 2022, 2023 టైటిళ్లు గెలిచింది. 2020లో కోవిడ్ వల్ల సీజన్ జరగలేదు. ట్రూపర్స్ తర్వాత అంతటి ఆధిపత్యం చూపిన జట్టు ఏదంటే దీన్నే చెప్పాలి. 2021 ఫైనల్‌కు బోస్టన్ జట్టును ఎన్ఎఫ్ఎల్ జట్టు పేట్రియట్స్ యజమాని రాబర్ట్ క్రాఫ్ట్ తమ సొంత విమానంలో కాంటన్‌కు పంపించారు. హాల్ ఆఫ్ ఫేమ్ పక్కనున్న స్టేడియంలో ఆ ఫైనల్ జరిగింది. ట్యాకిల్ లేని ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కు 2028 లాస్‌ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల విభాగం కూడా ఉంది. దానికి ఆమోదం లభించింది మన ముంబైలో, 2023 అక్టోబరు నాటి ఒలింపిక్ సంఘం సమావేశంలో. క్రికెట్‌ను తిరిగి ఒలింపిక్స్‌లోకి తెచ్చిన నిర్ణయం కూడా ఆ సమావేశానిదే.

ట్యాకిల్ ఆడే మహిళల జట్లకు మాత్రం డబ్బు సంగతి మెరుగుపడలేదు, పైగా వెనక్కి పోయింది. ట్రూపర్స్ కాలంలో కాగితం మీదైనా మ్యాచ్‌కు 25 డాలర్లు ఉండేవి. ఈనాటి లీగ్ క్రీడాకారిణుల్లో చాలామంది సీజన్‌కు వందల డాలర్ల రుసుం కట్టి, ప్రయాణాలకూ సామగ్రికీ చేతి చమురు వదిలించుకుని ఆడుతున్నారు.